పెంచల వచ్చినాది

పోయిన వారం మనం రమణిని ఉదయగిరిలో రామనారాయణ గారి ఇంటి గేటు ముందు వదిలి వచ్చాం. స్కూటీకి స్టాండు వేసి, వెనక కూర్చున్న ఆదిశేషమ్మను చెయ్యి పట్టి దించుతోంది. ఇద్దరి గుండెలూ దడదడలాడుతున్నాయి. కాకపోతే ఎనభై ఏళ్ళ ఆదిశేషమ్మ గుండె స్కూటీ వల్ల, రమణి గుండె లోపల కూర్చున్న పెద్దమనిషి వల్ల.

తగాదా ఒక కట్టు గురించి. గొర్రెపిల్ల కాలు విరిగితే ఈ పక్క కాపరులు కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి, పాత చీరపేలికతో కట్టే కట్టు. దాన్ని పెంచల కట్టు అంటారు. ఎవరా పెంచల? రామనారాయణ గారి తాత పెంచలయ్య అని ఉదయగిరి మొత్తం చెబుతుంది. కాదు, గొర్రెలు కాచుకుంటూ ఆ కట్టు కనిపెట్టిన తన అత్త అని ఆదిశేషమ్మ ఒక్కతే చెబుతుంది. పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా పనిచేసే రమణి ఆ ఒక్కదాని మాట నమ్మింది. గొర్రెల పెంపకందారుల సంఘం కట్టుకున్న వైద్యశాలను శుక్రవారం తెరుస్తారు. స్థలం ఇచ్చింది రామనారాయణ గారు. బోర్డు మీద పేరు ఈ రోజే రాస్తారు. ఎనామిల్ అక్షరాలు ఒకసారి పడ్డాయంటే, ఇక రేపటి పిల్లలకు అదే చరిత్ర.

గేటు తీసేసరికి ఆ బోర్డే ఎదురొచ్చింది. ఎండ తగలకూడదని వసారాలో గోడకు ఆనించి పెట్టారు. నీలం రంగు వేసిన పెద్ద ఇనప రేకు. దాని ముందు పీట వేసుకుని పెయింటర్ శ్రీనివాసులు సుద్దముక్కతో గీతలు కొడుతున్నాడు. 'గొర్రెల వైద్యశాల' అని కింద వరస అప్పటికే రాసేశాడు. పై వరస ఖాళీగా ఉంది.

రమణికి ప్రాణం లేచొచ్చింది. ఖాళీగా ఉంది, చాలు.

రామనారాయణ గారు పడక్కుర్చీలో ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. పంచె మీద బనీను, మెడలో తువ్వాలు. ఆదిశేషమ్మను చూడగానే లేచి, తన కుర్చీ నీడలోకి జరిపి, ఆమెను అందులో కూర్చోమన్నాడు. తాను అరుగు మీద కూర్చున్నాడు. పోట్లాటకు వచ్చిన వాళ్ళకు కుర్చీ ఇస్తే పోట్లాట ఎట్లా మొదలుపెట్టాలో రమణికి తెలియలేదు. లోపల్నుంచి రెండు గ్లాసుల మజ్జిగ కూడా వచ్చింది. అందులో అల్లం, కరివేపాకు.

"తాగు మేడం," అన్నాడాయన. "నువ్వెందుకొచ్చినావో నాకు తెలుసు. ముందు గొంతు తడుపుకో, తర్వాత నన్ను తిట్టొచ్చు."

"తిట్టడానికి రాలేదు సార్. ఒక్క సంగతి అడగడానికి వచ్చినాను."

"అడుగు."

రమణి ఈ ప్రశ్నను దారి పొడుగునా స్కూటీ మీద వల్లె వేసుకుంటూ వచ్చింది. "కట్టు కట్టేటప్పుడు చెప్పే మాటలున్నాయి గదా సార్. అవి మీకు వచ్చునా?"

"రాకపోవడమేంది! మా తాత నుంచి మా నాయనకు, ఆయన నుంచి నాకు." రామనారాయణ గారు గొంతు సవరించుకున్నాడు. "పెంచల వచ్చినాది, పేరు పెట్టి పిలిచినాది. బద్ద పెట్టినాది, బాధ పట్టినాది..." అక్కడ ఆగాడు. "తర్వాతేందో ఉండాది. నోటిదాకా వస్తా ఉంది, రావట్లా."

"అది చాలు సార్." రమణి గ్లాసు కింద పెట్టింది. "వచ్చినాది, పిలిచినాది. మీ తాతను ఈ ఊళ్ళో ఎవరైనా 'వచ్చినాది' అంటారా? వచ్చినాడు అనాలి గదా. అయ్య అయితే డు. అమ్మ అయితేనే ది."

సుద్దముక్క ఆగిపోయింది. శ్రీనివాసులు మెడ తిప్పి చూశాడు. రామనారాయణ గారి నుదుటి మీద గీత పడింది. రమణి లోలోపల ఎగిరి గంతేసింది.

గంతేసిన కాలు నేలకు ఆనకముందే ఆయన నవ్వేశాడు.

"భలేదానివమ్మా. మాట బాగానే పట్టినావు. అయితే ఒకటి చెప్పు. వాన వచ్చినాది అంటామా, అనమా? కలిగిరి బస్సు వచ్చినాది అంటామా, అనమా? బస్సు ఆడమనిషా? అక్కడ వచ్చినాది మా తాత కాదు, ఆడమనిషీ కాదు. కట్టు. పెంచల కట్టు వచ్చినాది."

ఇది రమణికి తట్టనే లేదు. నిజమే. చిన్నప్పటి నుంచీ మాట్లాడుతున్న భాషే. అందులో అమ్మకూ బస్సుకూ, అవ్వకూ వానకూ ఒకటే క్రియ. మగవాడికి మాత్రం విడిగా ఒకటి. ఆ సందులో పడి ఒక మనిషి అరవై ఏళ్ళుగా కనిపించకుండా పోయింది. పాటలో ప్రతి మాటలో ఆమె ఉంది. విన్నవాళ్ళందరికీ వస్తువే వినిపించింది.

"మాకూ బస్సుకూ ఒకటే మాట పెట్టినారు గదయ్యా," అంది ఆదిశేషమ్మ, మజ్జిగలో కరివేపాకు వేలితో తీసి పక్కన పెడుతూ. "బస్సుకైనా రిపేర్లుంటాయి."

శ్రీనివాసులు కిసుక్కుమన్నాడు. రామనారాయణ గారు కూడా నవ్వాడు. "చూడు ఆదిశేషమ్మా, నీ మీద నాకు గౌరవం ఉండాది. మీ అత్త మంచి కాపరి, కాదనను. కానీ వైద్యశాలకు ఊరికే పేరు పెట్టలేం గదా. రుజువుండాల. ఏం శీనూ?"

"నాదేముందయ్యా. మీరు చెప్పిన అక్షరాలు నేను రాస్తా," అన్నాడు శ్రీనివాసులు. "కాకపోతే తొందరగా చెప్పండి. పది దాటితే ఎండ వసారాలోకొస్తాది. రేకు వేడెక్కితే రంగు జారిపోతాది."

"రాసెయ్ మరి. పె, సున్నా..."

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర "మే" అని ఒక సన్నని అరుపు.

మస్తానయ్య. కొండ కింద మందలు తోలే కాపరి. మెడ చుట్టూ గొర్రెపిల్లను శాలువాలా వేసుకుని, నాలుగు కాళ్ళూ గుండెల దగ్గర పట్టుకుని పరుగు లాంటి నడకతో వస్తున్నాడు. నిజానికి మూడు కాళ్ళే పట్టుకున్నాడు. నాలుగోది, ముందరి కాలు, వేలాడుతోంది.

"పాపా, నువ్వు ఈడున్నావని ఆసుపత్రి కాడ చెప్పినారు. రాళ్ళ సందులో పడింది. చూడు."

రమణి రెండంగల్లో అరుగు దిగింది. పిల్లను ఒళ్ళోకి తీసుకుని వేళ్ళతో కాలు తడిమింది. తెల్లటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ నల్ల మచ్చలు, ఇంకా నెల నిండని పొట్టేలుపిల్ల. చర్మం చిట్లలేదు. ఎముక ఒక్కచోటే, మోకాలి కిందే విరిగింది. ఇంతకన్నా మంచి విరుపు ఉండదు. కట్టు కడితే నెల తిరిగేలోపు గెంతుతుంది.

కట్టాలంటే తనకు వచ్చు. బ్యాగులో ప్లాస్టరు కూడా ఉంది. కానీ చెయ్యి బ్యాగు దాకా వెళ్ళి ఆగింది. ఇందాక ఆ పెద్దమనిషి "నోటిదాకా వస్తా ఉంది, రావట్లా" అనడం గుర్తొచ్చింది. రమణి వాళ్ళ నాయన అనంతసాగరంలో గొర్రెలు కాస్తాడు. జీవాలను దొడ్డికి తోలేటప్పుడు ఆయన ఒక పాట పాడతాడు. ఇంట్లో కూర్చోబెట్టి పాడమంటే రెండో ముక్క రాదు. చేతిలో కర్ర, ముందు మంద ఉంటేనే ఆయనకు పాట ఉంటుంది.

"సార్," అంది రమణి. "పెంచల కట్టు మీ ఇంటిది గదా. మీరే కట్టండి. ఈ అవ్వ ముందు కట్టి చూపించండి."

రామనారాయణ గారు ఇది అవమానమా, మర్యాదా అని ఒక్క క్షణం చూశాడు. గొర్రెపిల్ల మళ్ళీ "మే" అంది. ఇక ఆయన ఆగలేదు. తువ్వాలు నడుముకు బిగించి, "ఏమే! ఒక కోడిగుడ్డు, గుప్పెడు మినప్పిండి, పాత చీరముక్క పంపించు," అని లోపలికి కేక పెట్టి, చతికిలబడి కూర్చున్నాడు. వెదురు బద్దలు మస్తానయ్య మొలలోనే ఉన్నాయి. కాపరి మొలలో అవి లేకుండా ఇల్లు కదలడు.

ఆదిశేషమ్మ కుర్చీలోనే ఉంది. ముఖం అటు తిప్పుకుని బోర్డు వైపు చూస్తోంది.

"పట్టుకో మస్తానూ. గట్టిగా కాదు, మెత్తగా." ఆయన వేళ్ళు పిల్ల కాలి మీద పడ్డాయి. పెద్ద వయసు వేళ్ళు. అయినా వణకడం లేదు. పిండి పూస్తూ, గొంతులో గొణగడం మొదలుపెట్టాడు. తనకు తెలియకుండానే. "పెంచల వచ్చినాది... పేరు పెట్టి పిలిచినాది..." బద్ద ఆనించాడు. "బద్ద పెట్టినాది." పేలిక ఒక చుట్టు తిప్పాడు. "బాధ పట్టినాది." ఇంకో రెండు చుట్లు. మొదటి ముడి వేయడానికి పేలికను గుండ్రంగా మడిచి బొటనవేలితో అదిమాడు. నోరు దాని పాటికి అది పాడుకుంటూ పోతోంది.

"కొప్పు ముడిసినాది..."

రమణి శ్రీనివాసులు వైపు చూసింది.

పేలిక చివర మిగిలింది. రెండో ముడికి తోకలు కావాలి. ఆయన ఆ చివరను పళ్ళతో పట్టి, సర్రున నిలువునా రెండుగా చించాడు.

"కొంగు చించినాది. చుట్టు చుట్టినాది. తిరిగి చూడకుండ పొమ్మనింది."

ముడి పడింది. గొర్రెపిల్ల అరుపు ఆపేసింది.

శ్రీనివాసులు మెల్లగా అన్నాడు, "అయ్యా. కలిగిరి బస్సుకు కొప్పుంటాదా?"

అంతే. ముందు మస్తానయ్య పకపకా నవ్వాడు. నవ్వకూడదని తువ్వాలు నోట్లో కుక్కుకుంటే ఇంకా ఎక్కువైంది. రమణి నవ్వింది, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా. గుమ్మం దగ్గర గిన్నె పట్టుకుని నిలబడ్డ ఇల్లాలు రేణుకాదేవి, "యాభై ఏండ్ల నుంచి వింటున్నా ఈ పాట. నాకూ తట్టలేదే!" అని నవ్వింది. రామనారాయణ గారు మాత్రం పిల్ల కాలు వదలకుండా అట్లాగే కూర్చుండిపోయాడు.

రమణికి భయం వేసింది. ఆయనకు కోపం వచ్చిందేమో.

"అప్పుడు నాకు తొమ్మిదేండ్లు," అన్నాడాయన చివరికి. "ఇదిగో, ఈ గోడ మీంచే పడినాను. చెయ్యి విరిగింది. నొప్పికి కళ్ళు మూసుకున్నా. మా తాత ఒళ్ళో నా తల ఉండాది, అది బాగా గుర్తు. రెండు చేతులతో నా తల పట్టుకోనున్నాడు." ఆయన తన రెండు అరచేతులూ చూసుకున్నాడు. "రెండు చేతులతోనూ తలే పట్టుకోనుంటే, కట్టు కట్టిందెవురు? ఇన్నేండ్లలో ఆ ఆలోచనే రాలా. కట్టేటప్పుడు చెవి కాడ గాజుల చప్పుడు. గాజులు! నేను విన్నా. మా తాతకు గాజులెక్కడియి?"

"పచ్చ గాజులు," అంది ఆదిశేషమ్మ, బోర్డు మీంచి చూపు తిప్పకుండానే. "డజను వేసుకుంటాది ఎప్పుడూ. పగిలితే ఆ పూటే వేయించుకుంటాది."

"మా తాత తనదని ఎప్పుడూ చెప్పలేదు సుమా," అన్నాడు రామనారాయణ గారు గబగబా, చనిపోయిన మనిషి పరువు కోసం. "ఆయనా నేర్చుకోనుంటాడు. పేరు కలిసింది, మేమే కలుపుకున్నాం." ఆపైన ఆయన కూడా నవ్వాడు. మొదట చిన్నగా, తర్వాత బనీను కింద పొట్ట కదిలేట్టు. "కొప్పు ముడిసినాదంట! పాడతా పాడతా నా నోటితో నేనే చెప్పినా గదా. రుజువు కావాలన్నా, నేనే ఇచ్చినా."

రమణి ఆదిశేషమ్మ పక్కకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. "అవ్వా, ఆ రెండో ముక్క నీకు తెలుసు గదా. నెల రోజుల నుంచి నీ వెంట తిరుగుతున్నా. ఒక్కసారన్నా చెప్పొచ్చు గదా?"

"నేను చెప్తే నా మాట పాపా. కోడలు అత్తను పొగుడుతా ఉండాది అంటారు. ఆయన నోట్లోంచి వస్తే ఊరి మాట." అవ్వ రమణి చెంప మీదికి జారిన కన్నీళ్ళు తుడిచింది. "ఆ గొర్రెపిల్ల ఎవురిదో గానీ, నూరేండ్లు బతకాల."

"నాదే అవ్వా," అన్నాడు మస్తానయ్య. "గొర్రె నూరేండ్లు బతికితే నేనెట్లా బతికేది?"

మళ్ళీ నవ్వులు. ఎండ వసారా అంచును తాకింది. శ్రీనివాసులు బ్రష్షు ముంచి, చెయ్యి కదలకుండా కింద కర్ర ఆనించుకుని తయారయ్యాడు.

"ఇంక రాస్తున్నా. పెంచలమ్మ. అంతే గదయ్యా?"

"అంతే. పెద్దక్షరాలు," అన్నాడు రామనారాయణ గారు.

"ఆగు," అంది ఆదిశేషమ్మ.

బ్రష్షు గాలిలో ఆగింది.

"పెంచల ఆమె పేరు కాదు."

రమణి నెల రోజులుగా తన నోటుపుస్తకం నిండా రాసుకున్న పేరు అది.

"మా మామ ఆమెను పెంచలకోన కాడి పల్లె నుంచి చేసుకోనొచ్చినాడు. కోన నుంచి వచ్చినాది గనక ఊరంతా పెంచల అన్నారు. ఓటరు కాగితంలోనూ అదే ఎక్కింది. ఆమె కూడా పలికింది. కానీ అమ్మానాయనా పెట్టిన పేరు వేరే. అది చాలా మంచి పేరు. ఇంట్లో మా మామ ఒక్కడే పిలిచేవాడు, అదీ సంతోషంగా ఉన్నప్పుడు."

"ఏం పేరవ్వా?"

ఆదిశేషమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎనభై ఏళ్ళ ముఖం కొత్తకోడలి ముఖం అయిపోయింది. "అత్త పేరు కోడలు పలుకుతాదా? ఏం మాటలు పాపా అవి!"

"పోయి ముప్పై రెండేండ్లయింది గదా ఆదిశేషమ్మా," అన్నాడు రామనారాయణ గారు.

"పోయిందా ఏంది? ఇప్పుడే గదా నీ నోట్లో నుంచి దిగొచ్చి కట్టు కట్టి పోయింది."

రేణుకాదేవి వరసగా పేర్లు అడిగి చూసింది. సుబ్బమ్మా? కాదు. చెంగమ్మా? కాదు. కొండమ్మా? కాదని తల అడ్డంగా ఊపుతూ అవ్వ నవ్వుతోంది. శ్రీనివాసులు ఎండ చూసి, అవ్వను చూసి, ఇక ఆగలేక పై వరస చివర 'మ్మ' అని రాసేశాడు. "ఏ పేరైనా చివర ఇదే గదమ్మా. ముందర ఖాళీ వదిలినా. మీరు తేల్చుకోండి."

"పెంచలమ్మ అనే రాస్తే సరిపోదా?" అన్నాడు మస్తానయ్య.

"సరిపోదు," అన్నాడు రామనారాయణ గారు. "ఒక తప్పు ఇన్నేండ్లు మోసినా. తెలిసి తెలిసి ఇంకోటి రాయించను. ఆ పేరు తెలిసినోళ్ళు ఇంకెవురూ లేరా?"

ఆదిశేషమ్మ నవ్వు ఆపింది. చెంగు నోటి మీంచి జారింది. "ఉండాది," అంది. "ఆమె కూతురు. మా ఆడబిడ్డ ఆనందమ్మ. ఆత్మకూరులో. కూతురికి అమ్మ పేరు పలకడానికి అడ్డమేంది? కానీ ఆమె నాతో మాట్లాడదు. అత్త పోయిననాటి నుంచి మాట్లాడదు."

"ఆత్మకూరు ఆనందమ్మా?" మస్తానయ్య అప్పటికే ఫోను తీస్తున్నాడు. "మా చెల్లెలి ఇంటి పక్కనే గదా. నంబరుండాది."

వద్దని ఎవరూ అనకముందే రింగు పోయింది. స్పీకరు నొక్కి, ఫోను అవ్వ చేతిలో పెట్టాడు. మూడు రింగులు. నాలుగు.

"ఎవురూ?" అంది అవతల ఒక ముసలి గొంతు, గట్టిగా.

ఆదిశేషమ్మ ఒక్కసారి దగ్గింది.

అవతలి గొంతు మెత్తబడింది. "వదినా? ఆ దగ్గు నీదే గదా?"

రమణి ముఖం పక్కకు తిప్పుకుంది. ముప్పై రెండేళ్ళు పంతం పట్టి మాట్లాడని మనిషి, ఒక్క దగ్గుకే గుర్తుపట్టింది.

మిగతాదంతా రామనారాయణ గారే చెప్పాడు, ఫోను దగ్గరకు వంగి అరుస్తూ, కొప్పు సంగతితో సహా. ఆనందమ్మ విన్నది, నవ్వింది, కాసేపు ముక్కు చీదింది. "మా అమ్మ పేరు బోర్డు మీదా," అని రెండుసార్లు అడిగింది. రేణుకాదేవి చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. శ్రీనివాసులు బ్రష్షు మళ్ళీ రంగులో ముంచాడు.

"చెప్పమ్మా, రాసుకుంటా," అన్నాడు.

"చెప్తా. ఫోన్లో కాదు," అంది ఆనందమ్మ. "వదినా, నువ్వు రేపు ఆత్మకూరికి రావాల. మా అమ్మ ఊరందరికీ ఆ కట్టు నేర్పింది. ఆ అయ్య వాళ్ళ తాతకు నేర్పింది, కాపరులకు నేర్పింది, నీకు నేర్పింది. కన్న కూతురికి, నాకు మాత్రం నేర్పలా. అడిగితే చెయ్యి విదిలించుకోని పోయింది. డెబ్బై రెండేండ్లు నాకు. నువ్వొచ్చి నా చేతులతో ఆ కట్టు కట్టించు. నాకు కట్టు నేర్పు, నీకు పేరు చెప్తా."

అందరి ముఖాలూ వెలిగాయి. ఇంతకన్నా మంచి బేరం ఉంటుందా? స్కూటీ వద్దు, నా కారులో పొండి అన్నాడు రామనారాయణ గారు.

ఆదిశేషమ్మ మాత్రం ఫోను మీద అరచెయ్యి మూసి, రమణి చెవి దగ్గరకు వంగింది.

"నేర్పలేను పాపా," అంది. "పోయే ముందు అత్త నా చేత ఒట్టు పెట్టించుకుంది. ఎవురికన్నా నేర్పు, ఆనందకు మాత్రం నేర్పొద్దని. ఎందుకో కూడా చెప్పింది."

అరచేతి కింద నుంచి ఆనందమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "వదినా? ఉండావా? ఏ బస్సుకొస్తావు?"